కమ్యూనిటీ కాలేజీ మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి, చేరాక సాయం ఎలా రాబట్టుకోవాలి

ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఏ తెలుగింటికి సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా, ప్రసాదం చేతిలో పడకముందే ఒక ప్రశ్న వచ్చి పడుతుంది. "అమ్మాయికి ఎక్కడొచ్చిందండీ?" రెండేళ్ల చదువుండే కమ్యూనిటీ కాలేజీలో చేరుతోందని చెప్పాను. "అయ్యో, పర్లేదులెండి" అన్నారొకాయన, పరామర్శకు వచ్చినట్టు. ఆ రాత్రి కూర్చుని ఆ కాలేజీ గ్రాడ్యుయేషన్ రేటు వెతికాను. ముప్పై చిల్లర శాతం. నూటికి డెబ్బై మంది ఫెయిలవుతున్నారా అని నిద్ర పట్టలేదు. ఆ అంకె దేన్ని కొలుస్తుందో, ఎవరిని అసలు లెక్కలోకే తీసుకోదో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మీకైతే ఒక ఆదివారం చాలు.

మేముండేది ఇక్కడే కాబట్టి కాలిఫోర్నియా పద్ధతే ఎక్కువగా చెబుతాను. 116 కాలేజీలతో అమెరికాలో అన్నిటికన్నా పెద్ద కమ్యూనిటీ కాలేజీ వ్యవస్థ ఇదే. మీరు డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటే పేర్లు మారతాయి, అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఇవే.

ముందు ఒక అలవాటు వదిలించుకోవాలి. మన దగ్గర ఇంటర్ కాలేజీలు రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం టీవీలో ర్యాంకులు చదువుతాయి చూడండి, ఒకటి, ఒకటి, రెండు, మూడు అని. ఏరికోరి చేర్చుకున్న పిల్లల ర్యాంకులవి. కమ్యూనిటీ కాలేజీకి ఆ వెసులుబాటు లేదు. హైస్కూల్ డిప్లొమా ఉంటే చాలు, 18 ఏళ్లు నిండి చదవగలిగితే డిప్లొమా లేకపోయినా చాలు, చేర్చుకుంటుంది. ఇల్లినాయ్‌లో 1901లో జోలియట్ జూనియర్ కాలేజీ మొదలైనప్పటి నుంచీ ఈ కాలేజీల స్వభావం అదే. ఒకే క్లాసులో పదహారేళ్ల హైస్కూల్ పిల్ల, రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్, భర్త వెంట హెచ్4 వీసా మీద వచ్చి పదేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన మన గుంటూరు అమ్మాయి కూర్చుంటారు. ఈ ముగ్గురి చదువునూ ఒకే అంకెతో కొలవబోతే ఎవరి సంగతీ తేలదు.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది

కాలేజీ వెబ్‌సైటు తెరిచే ముందు ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ఈ కాలేజీ నుంచి మనకు ఏం కావాలి? రెండేళ్లు చదివి, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాల్ స్టేట్‌కో ట్రాన్స్‌ఫర్ అవడమా? రేడియాలజీ టెక్నీషియన్, అకౌంటింగ్ లాంటి డిగ్రీయో సర్టిఫికెట్టో తీసుకుని ఉద్యోగమా? ఇంగ్లిష్ బాగుపడి, ఆగిపోయిన చదువు మళ్లీ మొదలెట్టడమా? ట్రాన్స్‌ఫర్ కావాల్సినవాళ్లు లైసెన్స్ పరీక్షల పాస్ రేటు చూసి లాభం లేదు. నర్సింగ్ కావాల్సినవాళ్లకు ట్రాన్స్‌ఫర్ రేటుతో పని లేదు, వాళ్లు చూడాల్సింది ఆ పాస్ రేటే. ఇంగ్లిష్ కోసమైతే ఒక సంగతి చాలామందికి తెలియదు: ఇక్కడ డిగ్రీ లెక్కలోకి రాని నాన్‌క్రెడిట్ క్లాసులకు అసలు ఫీజే లేదు.

అంకెలు చదివే పద్ధతి

కాలేజ్ నావిగేటర్ అని ఫెడరల్ ప్రభుత్వం నడిపే సైటు ఒకటుంది. కాలేజీ పేరు కొడితే గ్రాడ్యుయేషన్ రేటు చూపిస్తుంది. నేను ఆ రాత్రి చూసింది అదే. ఆ లెక్క ఇలా వేస్తారు: ఒక ఏడాది ఫాల్‌లో మొదటిసారి కాలేజీలో చేరి, ఫుల్‌టైమ్ చదువుతున్న వాళ్లను మాత్రమే తీసుకుంటారు. రెండేళ్ల చదువుకు ఒకటిన్నర రెట్లు, అంటే మూడేళ్లు, గడువిస్తారు. ఆ లోపు అదే కాలేజీ నుంచి డిగ్రీయో సర్టిఫికెట్టో అందుకున్నవాళ్లే గ్రాడ్యుయేట్లు.

వంద మంది అలా చేరారనుకుందాం. ముప్పై రెండు మంది మూడేళ్లలో డిగ్రీ తీసుకున్నారు. ఇరవై మంది డిగ్రీ కాగితం తీసుకోకుండానే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపోయారు. పద్దెనిమిది మంది ఉద్యోగం చేసుకుంటూ ఇంకా చదువుతున్నారు. ముప్పై మంది మానేశారు. రేటు ఎంత? 32 శాతం. బర్క్‌లీలో సీటు తెచ్చుకుని ముందే వెళ్లిపోయిన పిల్లవాడు కూడా ఈ లెక్కలో గ్రాడ్యుయేట్ కాదు. ఇక అదే ఫాల్‌లో పార్ట్‌టైమ్‌గా చేరినవాళ్లు ఎంతమంది ఉన్నా ఈ వందలో లేరు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్ వాళ్లే.

అందుకని గ్రాడ్యుయేషన్ రేటు ఒక్కటే చూసి సైటు మూసేయకండి. పక్కనే ట్రాన్స్‌ఫర్ అవుట్ రేటు ఉంటుంది, రెండూ కలిపి చూడండి. అదే పేజీలో ఎనిమిదేళ్ల వరకు గమనించి, పార్ట్‌టైమ్ వాళ్లను కూడా కలిపి వేసే లెక్క ఇంకొకటి ఉంటుంది. నా దృష్టిలో అసలైన లెక్క అదే.

ట్రాన్స్‌ఫర్ మీ లక్ష్యమైతే ఇంకో చోటికి వెళ్లాలి. యూసీ తన ఇన్ఫర్మేషన్ సెంటర్ సైటులో, ఏ కమ్యూనిటీ కాలేజీ నుంచి ఎంతమంది అప్లై చేశారో, ఎంతమందికి సీటొచ్చిందో, ఎంతమంది చేరారో ఏటా పెడుతుంది. మేజర్ల (ప్రధాన సబ్జెక్టుల) వారీగా ట్రాన్స్‌ఫర్ సీటొచ్చినవాళ్ల జీపీఏలు (గ్రేడుల సగటు) ఏ మేరలో ఉన్నాయో కూడా దొరుకుతాయి. "ఫలానా వాళ్లబ్బాయికి 3.6తో వచ్చిందట" అనే పార్టీ కబుర్లకు అక్కడితో చెల్లు.

తర్వాత డేటామార్ట్. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల ఛాన్సలర్ ఆఫీసు సైటు. చూడ్డానికి పాతకాలపు మండలాఫీసు రిజిస్టరులా ఉంటుంది, భయపడకండి. కాలేజీ, సెమిస్టర్, సబ్జెక్ట్ ఎంచుకుంటే రెండు శాతాలు వస్తాయి. సక్సెస్ రేటు అంటే ఆ క్లాసులో సి గ్రేడు లేదా అంతకన్నా మెరుగ్గా పాసైనవాళ్ల శాతం. రిటెన్షన్ రేటు అంటే మధ్యలో విత్‌డ్రా కాకుండా చివరిదాకా ఉన్నవాళ్ల శాతం. ఎఫ్ వచ్చినవాడు కూడా రిటెన్షన్‌లో లెక్కే! కాలేజీ బ్రోషర్‌లో "మా రిటెన్షన్ 88 శాతం" లాంటి మాట కనబడితే సంబరపడేముందు పక్క అంకె అడగండి. ఆన్‌లైన్ క్లాసులు, నేరుగా వెళ్లే క్లాసులు విడివిడిగా చూడొచ్చు. మీ పిల్ల లెక్కలు ఆన్‌లైన్‌లో తీసుకోవాలా వద్దా అన్నదానికి నలుగురి సలహా కన్నా ఆ రెండు అంకెల మధ్య తేడా బాగా జవాబు చెబుతుంది.

ఇక నేనైతే అన్నిటికన్నా ముందు చూసేది మరొకటుంది: చేరిన మొదటి ఏడాదిలోనే యూనివర్సిటీ స్థాయి లెక్కల క్లాసు పాసైనవాళ్లు ఎంతమంది? దీన్ని త్రూపుట్ అంటారు. దీని వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవాళ్లను కింది స్థాయి రెమెడియల్ క్లాసుల్లో వేసేవాళ్లు. అక్కడ ఒకటి పాసై, పైది పాసై, అసలు క్లాసుకు చేరేలోగా చాలామంది దారిలోనే రాలిపోయేవాళ్లు. 2017లో ఏబీ 705 అనే చట్టం తెచ్చి, హైస్కూల్ మార్కులు చూసి నేరుగా పై క్లాసులో వేయాలని, కావాలంటే దాని పక్కనే సాయపు క్లాసు పెట్టాలని కాలేజీలకు చెప్పారు. 2022లో ఏబీ 1705తో ఇంకాస్త బిగించారు. దీన్నుంచి మీరు గ్రహించాల్సింది ఒకటి: "ఎందుకొచ్చిన టెన్షన్, కింది క్లాసు తీసుకుని ఏ గ్రేడు కొట్టేస్తాను" అని పిల్లలు అంటే ఒప్పుకోకండి. పై క్లాసు, దాని పక్కన సాయపు క్లాసు కలిపి తీసుకోమనండి.

ఎవరూ తెరవని పేజీ

కాలేజీ హోమ్‌పేజీలో, మామూలుగా అట్టడుగున, అక్రెడిటేషన్ అనే లింకు ఉంటుంది. నొక్కండి. కాలిఫోర్నియా, హవాయి కమ్యూనిటీ కాలేజీలకు ఏసీసీజేసీ అనే కమిషన్ గుర్తింపు ఇస్తుంది. ఏడేళ్లకోసారి కాలేజీ తన గురించి తానే పెద్ద నివేదిక రాసుకోవాలి, బయటి కాలేజీల వాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు, కమిషన్ ఉత్తరం రాస్తుంది. వందల పేజీల నివేదిక చదవక్కర్లేదు. ఆ ఉత్తరం చదవండి, రెండు మూడు పేజీలుంటుంది. ఏం బాగుందో, ఏం సరిదిద్దుకోవాలో సూటిగా ఉంటుంది. టెక్సాస్‌లో ఈ పని సదరన్ అసోసియేషన్ కమిషన్‌ది, న్యూజెర్సీలో మిడిల్ స్టేట్స్‌ది, ఇల్లినాయ్‌లో హయ్యర్ లెర్నింగ్ కమిషన్‌ది.

అదే పేజీలో ఏటా పంపే రిపోర్టు కూడా సాధారణంగా దొరుకుతుంది. ఇందులో కాలేజీలు తమకు తాము గీసుకున్న గీత ఉంటుంది: మా కోర్సుల సక్సెస్ రేటు ఇంతకన్నా కిందకు దిగకూడదు, ఇంత వరకు ఎక్కాలి అని. పక్కనే ఆ ఏడాది నిజంగా వచ్చిన అంకె. నిజంగా వచ్చింది డెబ్బై దాటుతున్నా గీతను అరవైలోనే ఉంచుకునే కాలేజీ ఏటా పాసే. మన చిన్నప్పుడు ముప్పై ఐదు వస్తే చాలనుకున్నట్టు.

ఇక సిలబస్‌లో స్టూడెంట్ లెర్నింగ్ అవుట్‌కమ్స్ అని రెండు మూడు వాక్యాలు కనిపిస్తాయి. ఈ కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి అన్నదే వాటి సారం. టీచర్లు ఒక ప్రశ్నతోనో ప్రాజెక్టుతోనో అది వచ్చిందో లేదో కొలిచి, ఫలితాలు డిపార్ట్‌మెంట్ చేసే ప్రోగ్రామ్ రివ్యూలో పెట్టాలి. కొన్ని చోట్ల ఇది వట్టి కాగితాల తంతు, దాచడానికేం లేదు. తేడా కనిపెట్టే కిటుకు ఒకటి చెబుతాను. ఓపెన్ హౌస్‌కు వెళ్లినప్పుడు ఆ డిపార్ట్‌మెంట్ టీచరును అడగండి: "ఈ ఫలితాలు చూశాక మీరు చివరిసారి ఏం మార్చారు?" ఒకచోట ఆవిడ తడుముకోకుండా చెప్పింది, ల్యాబ్ రిపోర్టుల్లో గ్రాఫులు చదవలేకపోతున్నారని రెండో వారంలో ఒక ల్యాబ్ మొత్తం దానికే కేటాయించామని. ఇంకోచోట చిరునవ్వుతో బ్రోషర్ చేతికిచ్చారు. మేం మొదటి కాలేజీలో చేర్చాం.

చేరేటప్పుడు

అప్లికేషన్ ఉచితం. ఫీజు కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు (క్రెడిట్‌కు) 46 డాలర్లు, 2012 నుంచీ అంతే. పదిహేను యూనిట్లు తీసుకుంటే సెమిస్టర్‌కు 690. సెమిస్టర్లకు బదులు చిన్న క్వార్టర్లు నడిపే డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి కాలేజీల్లో యూనిట్‌కు 31. నివాసులు కానివాళ్లకు దీనిపైన యూనిట్‌కు వందల డాలర్లు పడతాయి కాబట్టి రెసిడెన్సీ ప్రశ్నలకు ఆషామాషీగా జవాబివ్వకండి. క్లాసులు మొదలవడానికి ముందు ఏడాదికి పైగా ఇక్కడ ఉన్నట్టు లీజు, ట్యాక్స్ రిటర్న్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి దగ్గర పెట్టుకోండి. హెచ్4 మీద ఉన్నవాళ్లు వీసా మార్చుకోకుండానే చదవొచ్చు, ఇక్కడి నివాసులుగా ఫీజు కట్టే అర్హత కూడా సంపాదించుకోవచ్చు. కానీ ఫాఫ్సా అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సాయం వాళ్లకు ఉండదు. పిల్లలకు 21 నిండితే హెచ్4 పోతుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా గీసి రెండేళ్ల ముందే ఆలోచించాలి. విద్యార్థి వీసా ఎఫ్1కు మారితే సెమిస్టర్‌కు పన్నెండు యూనిట్లు తప్పనిసరి, అందులో లెక్కకొచ్చే ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే.

ఇంకో మాట, ఇది మన తల్లిదండ్రులకు మింగుడుపడదు. కాలేజీలో చేరిన రోజు నుంచీ ఫెర్పా అనే చట్టం ప్రకారం మార్కులు, రికార్డుల మీద హక్కు పిల్లలదే. పదహారేళ్ల పిల్ల అయినా సరే. మీరు ఫోన్ చేసి "మా అమ్మాయి ఎలా చదువుతోంది" అంటే మర్యాదగా ఫోన్ పెట్టేస్తారు. పేరెంట్ టీచర్ మీటింగులు ఉండవు. కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేవన్నీ పిల్లలు స్వయంగా చేయాల్సిన పనులు. మీరు చేయగలిగింది గుర్తుచేయడం.

అడగందే అమ్మైనా పెట్టదు

ఇక్కడ సాయం బోలెడుంటుంది, కానీ వడ్డించరు. వెళ్లి అడగాలి.

మొదటి గుమ్మం కౌన్సెలర్‌ది. మేం చేసిన తప్పు ఇక్కడే జరిగింది. సెమిస్టర్ మొదలైన వారంలో అమ్మాయి వెళ్తే బయట క్యూ, లోపల పది నిమిషాలు. ఎకనామిక్స్ మేజర్ అని చెబితే "స్టాటిస్టిక్స్ తీసుకో" అన్నారట, తీసుకుంది. తను వెళ్లాలనుకున్న క్యాంపస్‌లో ఆ మేజర్‌కు కాల్‌క్యులస్ వరస మొత్తం ముందే అయిపోవాలని మాకు జనవరిలో తెలిసింది. ఒక సెమిస్టర్ వెనకబడ్డాం. ఆ కౌన్సెలర్‌ను తిట్టుకుని లాభం లేదు, పది నిమిషాల్లో ఎవరైనా అంతే చెబుతారు. మీరు ఇలా చేయండి: అప్లికేషన్ పెట్టగానే, అంటే వేసవిలోనే, గంట అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. వెళ్లే ముందు అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరిచి, మన కాలేజీ పేరు, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ పేరు, మేజర్ ఎంచుకుని వచ్చిన పేజీ ప్రింట్ తీయండి. ఇక్కడి ఏ క్లాసు అక్కడి ఏ క్లాసుకు సమానమో అందులో ఉంటుంది. మూడు యూనివర్సిటీలవి మూడు పేజీలు పట్టుకెళ్తే కౌన్సెలర్‌తో మాటలే వేరుగా ఉంటాయి. బయటికొచ్చేటప్పుడు చేతిలో సెమిస్టర్ల వారీగా రాసిన ఎడ్యుకేషన్ ప్లాన్ ఉండాలి. అది ఉంటే, ఓరియెంటేషన్, ప్లేస్‌మెంట్ కూడా పూర్తయితే, రిజిస్ట్రేషన్ తేదీ ముందుకొస్తుంది. లేకపోతే కెమిస్ట్రీ ల్యాబ్‌లో సీట్లన్నీ నిండాక మీ వంతు వస్తుంది.

వరస క్లాసులు, అంటే కాల్‌క్యులస్, ఫిజిక్స్ లాంటివి, మొదలుపెట్టిన కాలేజీలోనే ముగించండి. సెమిస్టర్ కాలేజీలో ఒకటి, క్వార్టర్ కాలేజీలో రెండోది చేస్తే మధ్యలో పాఠాలు జారిపోతాయి, కొన్నిసార్లు క్రెడిట్ కూడా.

టాగ్ గురించి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సగం తెలిసిన మాటలు తిరుగుతుంటాయి. అడిగిన జీపీఏ, క్లాసులు పూర్తిచేస్తే ముందే సీటు ఖాయం చేసే ఒప్పందం అది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ క్యాంపస్‌లకే ఉంది. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ఉన్నచోట కూడా మేజర్లన్నిటికీ ఉండదు. శాంటా బార్బరాలో ఇంజనీరింగ్ కాలేజీకి టాగ్ లేదు, కంప్యూటర్ సైన్స్ ఉండేది ఆ కాలేజీలోనే. టాగ్ అప్లికేషన్ సెప్టెంబర్ నెలలో పెట్టాలి.

ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లడం మన పిల్లలకు నామోషీ. "తెలివి తక్కువవాళ్లు వెళ్తారు" అనుకుంటారు. నేను మా అమ్మాయితో ఒక బేరం పెట్టుకున్నాను: మొదటి మిడ్‌టర్మ్‌కు ముందు ఒక్కసారి వెళ్లి అక్కడ ఎవరున్నారో చూసి రా, నచ్చకపోతే మళ్లీ అడగను. అక్కడ కూర్చున్నది క్లాసులో ముందు వరస పిల్లలట.

అంగవైకల్యమో, డిస్‌లెక్సియానో, ఏడీహెచ్‌డీనో ఉంటే హైస్కూల్‌లో రాసిచ్చిన ప్రత్యేక సాయం ప్లాన్, అంటే ఐఈపీ, దానంతటదే కాలేజీకి రాదు. ఇలాంటి విద్యార్థులకు సాయపడే డీఎస్‌పీఎస్ ఆఫీసుకు వెళ్లి కొత్తగా నమోదు చేసుకోవాలి. అప్పుడే పరీక్షలో అదనపు సమయం, నోట్స్ సాయం దొరుకుతాయి. నలుగురికీ తెలుస్తుందని మనవాళ్లు దాస్తారు. ఆ వివరం ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎక్కడా పడదు, నిశ్చింతగా వెళ్లండి.

ఆదాయం తక్కువున్న ఇళ్లకు ఈఓపీఎస్ అనే సాయ పథకం ఉంది, 1969 నుంచీ. పుస్తకాల డబ్బు, ముందుగా రిజిస్ట్రేషన్ ఇస్తుంది, బదులుగా సెమిస్టర్‌కు మూడుసార్లు కౌన్సెలర్‌ను కలవాలి. ఆ మూడుసార్లనే షరతును చాలామంది గోల అనుకుంటారు, నిజానికి మందు అదే. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో ఏశాప్ అనే పథకం మొదలుపెట్టింది: ఫుల్‌టైమ్ చదవాలి, సలహాదారును తరచూ కలవాలి, ఆర్థిక సాయం పోను ఫీజులో మిగిలినది మాఫీ, పుస్తకాలకు సాయం, బస్సుకూ సబ్‌వేకూ ఉచిత పాస్. లాటరీ వేసినట్టు విద్యార్థులను రెండు గుంపులుగా విడదీసి పరీక్షిస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు పథకంలో 40 శాతం, బయట 22 శాతం. అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు జిమ్ చూపిస్తుంటే ఆపి, ఒక్కో కౌన్సెలర్‌కు ఎంతమంది విద్యార్థులు అని అడగండి.

చిన్నవి కొన్ని. క్లాసుల జాబితాలో పుస్తకం ఖర్చు లేని సెక్షన్లకు గుర్తు ఉంటుంది, వెతికి తీసుకోండి. లైబ్రరీలో టెక్స్ట్‌బుక్కులు కొన్ని గంటలకు ఇస్తారు. ఫుడ్ ప్యాంట్రీ అందరిదీ, సిగ్గు పడక్కర్లేదు. మిడ్‌టర్మ్ ఘోరంగా పోతే విత్‌డ్రా గడువు ఏ రోజో చూసి, ఆ లోపు టీచర్ ఆఫీసు అవర్స్‌కు వెళ్లి "నేను సి దాటగలనా" అని అడగాలి. గడువు దాటాక విత్‌డ్రా అయినట్టు చూపే డబ్ల్యూ రాదు, ఏది వస్తే అదే ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉండిపోతుంది.

చివరగా ఒక పది నిమిషాల పని. కొన్ని ఏళ్లకోసారి క్లాసులో విద్యార్థుల సర్వే పెడతారు: ట్యూటరింగ్ వాడావా, కౌన్సెలర్ దొరికారా, టీచర్‌తో క్లాసు బయట మాట్లాడావా అని. కాలేజీలు తమను తాము కొలుచుకునే అంకెల్లో కొన్ని ఇక్కడే పుడతాయి. మా అమ్మాయి విసుక్కుంటూనే పూర్తిచేసింది. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అన్నచోట, రాత్రి ఏడింటి తర్వాత మ్యాథ్ ట్యూటర్ ఉండడం లేదని, పగలు ఉద్యోగం చేసేవాళ్లు ఎప్పుడు రావాలని రాసింది.